పై రెక్క ఎక్కించే ముందు: ఒక పాత టైగర్ మాత్ కిట్
(వీడియో ప్రసంగానికి అక్షర రూపం)

కర్నూలు నుంచి మాట్లాడుతున్నాను. వెనక ఫ్యాన్ సౌండు రావట్లేదని ఈసారి ఎవరికైనా అనిపిస్తే, కారణం ఉంది. ఫ్యాన్ ఆపేసినాను. ఎందుకు ఆపినానో మధ్యలో చెప్తాను.

చానా రోజుల నుంచి కామెంట్లలో ఒకే మాట. "అన్నా, రెండు రెక్కల విమానం ఎప్పుడు చేస్తావు?" అని. ఇదిగో, ఈ రోజు అదే. బైప్లేన్. కింద ఒక జత రెక్కలు, పైన ఒక జత, మధ్యలో స్ట్రట్‌లు, అంటే నిలబెట్టే కమ్మీలు, వాటి మధ్య బిగించిన తీగలు. ఒంటి రెక్క విమానం మోడల్ చేసేవాళ్ళు దీన్ని చూసి జంకుతారు. జంకడంలో తప్పేమీ లేదు. ఒంటి రెక్క దాంట్లో పొరపాటు ఉంటే ఒకచోటే ఉంటుంది. దీంట్లో కింద ఉన్న చిన్న వంకర పైకి పోయేసరికి పెద్దదవుతుంది.

టేబుల్ మీద ఉన్నది ఎయిర్‌ఫిక్స్ వాళ్ళ టైగర్ మాత్, 72వ వంతు సైజు. ఈ అచ్చు మొదట వచ్చింది 1957లో. మన కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడాది అన్నమాట. అట్లా గుర్తు పెట్టుకోండి. పెట్టె లేదు దీనికి. పాలిథిన్ సంచి, దాని మూతి మీద మడతపెట్టి పిన్ను కొట్టిన రంగుల కాగితం, అంతే. ఎయిర్‌ఫిక్స్ చిన్న కిట్లు 1970ల మొదటి ఏళ్ళ దాకా ఇట్లా సంచుల్లోనే వచ్చేవి. ఇంగ్లాండులో ఊల్‌వర్త్స్ అనే దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మినారు. పిల్లలు జేబు డబ్బుతో కొనుక్కునే వస్తువు. ఇప్పుడు సీలు తియ్యని సంచి దొరికితే, దాన్ని సేకరించేవాళ్ళు అద్దాల బీరువాలో పెట్టుకుంటున్నారు.

మొదటే ఒక మాట. మీ దగ్గర సీలు తియ్యని పాత సంచి ఉంటే, తియ్యొద్దండి. నా అభిప్రాయం ఇది. టైగర్ మాతే చెయ్యాలనుకుంటే ఎయిర్‌ఫిక్స్ వాళ్ళే 2014లో కొత్త అచ్చుతో ఇంకో కిట్ తెచ్చినారు. ముక్కలు చక్కగా కూర్చుంటాయి, అంచులు పలచగా ఉంటాయి. తమాషా ఏమంటే, ఆ ఏళ్ళలో వచ్చిన ఎయిర్‌ఫిక్స్ పెట్టెలు చానా వాటి మీద "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంటుంది. ఇంగ్లాండు కంపెనీ, ఇంగ్లాండు విమానం, పోత పోసింది మన దేశంలో.

మరి నేను ఈ పాతదే ఎందుకు పట్టుకున్నాను? ఇది సీలు ఉన్నది కాదు. సగం చేసి వదిలేసింది. ఆదోని నుంచి మన వీడియోలు చూసే ఒకాయన పంపించినాడు. ఆయన నాయన మద్రాసులో చదువుకునే రోజుల్లో కొన్నాడంట. విమానం బాడీ రెండు సగాలూ అంటించినాడు, కింది రెక్క పెట్టినాడు, అక్కడ ఆపినాడు. చదువు, ఉద్యోగం, సంసారం. సంచి మాత్రం మిద్దె మీద ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. నాయన పోయినంక పెట్టె తెరిస్తే ఇది కనపడిందంట. ఫోన్లో ఆ అబ్బాయి ఒకటే చెప్పినాడు: "నాయన చేసిన కాడికి అట్లే ఉండాలన్నా. మిగతాది మీ ఇష్టం."

వినడానికి చిన్న షరతు. పని మొదలుపెడితే తెలిసింది అది ఎంత పెద్దదో.

చూడండి, కెమెరా దగ్గరికి తెస్తాను. వెనక సీటు కింద, ఎడమ పక్క. కనపడుతోందా? వేలిముద్ర. పాత ట్యూబు జిగురు వేలికి అంటుకుని, ఆ వేలితోనే బాడీని పట్టుకున్నాడు. ఈ జిగురు మన బంక లాంటిది కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెండు ముక్కల అంచులూ కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసి, ఆరినాక ఒకే ముక్క అవుతుంది. వెల్డింగు అనుకోండి. కాబట్టి ఈ ముద్ర మీద పడిన మరక కాదు. ప్లాస్టిక్‌లోకే దిగిపోయింది. గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

మామూలుగా అయితే ఏం చేస్తాం? నీళ్ళ ఉప్పు కాగితం పెట్టి నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది. ఏ మోడలింగ్ పుస్తకం తీసినా వేలిముద్రను లోపం కిందే లెక్క కడుతుంది. ఇక్కడ రుద్దకూడదని నాకు చెప్పక్కర్లేదు, మీకూ చెప్పక్కర్లేదు. కానీ రుద్దకుండా వదిలితే చాలదు. దాని మీద రంగు పొర మందంగా పడితే గీతలు పూడిపోతాయి. ప్రైమరు, దాని మీద తెలుపు, దాని మీద పసుపు, ఇట్లా మూడు పొరలు బ్రష్షుతో వేస్తే ముద్ర పోయినట్టే. అందుకని ఆ చోట ప్రైమరు వెయ్యలేదు. రంగును బాగా పలచన చేసి, ఒకే పొర, బ్రష్షు దాదాపు పొడిగా ఉన్నప్పుడు తాకించినాను. పక్కన ఉన్న రంగుకూ దీనికీ కొంచెం తేడా ఉంది. ఉండనీండి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. దానికి నా టేబుల్ గురించి చెప్పాలి. ఇది బేతంచెర్ల బండ. మన ఇళ్ళల్లో నేల మీద పరిచేదే, పాలిష్ పట్టిన ముక్క. మోడల్ చేసేవాళ్ళు విదేశాల్లో గాజు పలక వాడతారు, చదును కోసం. మనకు గాజు ఎందుకు? ఒక అడుగు ముక్క బండల షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. కొనేముందు స్టీలు స్కేలు అంచు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. స్కేలు కింద నుంచి వెలుగు రాకూడదు.

ఈ బండ మీద బాడీని నిలబెట్టి, మూలమట్టం ఆనించి చూసినాను. బాడీ నిలువుగా ఉన్నప్పుడు కింది రెక్క కుడి కొన, ఎడమ కొన కంటే మిల్లీమీటరున్నర పైకి ఉంది. ఎందుకంటే బాడీ రెండు సగాలు అంటించేటప్పుడు ఒకటి వెంట్రుకవాసి జరిగింది. మిల్లీమీటరున్నర అంటే ఏముంది అనుకుంటారు. 72తో హెచ్చించండి. 108 మిల్లీమీటర్లు. నిజమైన విమానంలో ఒక రెక్క కొన రెండో దానికంటే జానెడుకు ఇంచుమించు సగం ఎత్తులో ఉన్నట్టు. ఒంటి రెక్క విమానమైతే ఎవరూ గమనించరు. ఇక్కడ పైన ఇంకో రెక్క వస్తోంది. దాన్ని బాడీకి సరిగ్గా పెడితే కింది రెక్కతో పొసగదు. ఒక పక్క స్ట్రట్ అందదు, ఇంకో పక్క స్ట్రట్ ఎక్కువైపోతుంది. కింది రెక్కకు సరిగ్గా పెడితే బాడీ ఒరిగినట్టు ఉంటుంది.

సులువైన దారి ఒకటుంది. పాత జిగురు అతుకు విప్పడం. అర్ధరాత్రి దాకా డీప్ ఫ్రీజర్లో పెట్టి, తీసి, పలచటి బ్లేడు అతుకులో పెట్టి తడితే ముసలి జిగురు కొన్నిసార్లు పటుక్కున విడిపోతుంది. చేసేవాళ్ళు ఉన్నారు. విడిపోకుండా పక్కన పగిలేది కూడా ఉంది. పైగా విప్పితే అది ఇంక ఆయన చేసింది కాదు. నేను చేసింది అవుతుంది. షరతు అక్కడే పోతుంది.

కాబట్టి లెక్క తిరగేసినాను. మనం ఎప్పుడూ బాడీనే ఆధారంగా పెట్టుకుని రెక్కలు సరిచేస్తాం. ఈసారి ఆయన పెట్టిన కింది రెక్కే ఆధారం. అదే మట్టం అనుకుని పై రెక్క దానికి సరిపోయేట్టు, తోక అడ్డరెక్క దానికి సరిపోయేట్టు, చక్రాల కాళ్ళు దానికి సరిపోయేట్టు. అప్పుడు ఒరిగేది బాడీ ఒక్కటే. ఎంత ఒరుగుతుంది? టైగర్ మాత్ రెక్క కొన నుంచి కొనకు 8.94 మీటర్లు. మన సైజులో 124 మిల్లీమీటర్లు. 124కు ఒకటిన్నర అంటే ఒక డిగ్రీలో మూడింట రెండొంతులు. తోక నిలువు రెక్క కొన దగ్గర అది మిల్లీమీటరులో ఐదో వంతు వస్తుంది. ఎదురుగా చూసే మనిషి కన్ను రెక్కనూ రెక్కనూ పోల్చుతుంది, రెక్కనూ నేలనూ పోల్చుతుంది. బాడీ ఐదో వంతు మిల్లీమీటరు పక్కకు ఉందని ఎవరికీ కనపడదు. ఈ వీడియో చూసినంక మీకు మాత్రం తెలుస్తుంది, సరే.

ఇప్పుడు పై రెక్క సంగతి. మిద్దె మీద ట్రంకు పెట్టె అన్నాను కదా. రాయలసీమ మిద్దె, ఇనుప పెట్టె, నలభై యాభై ఎండాకాలాలు. పై రెక్క వంగింది. దీన్ని సరిచేసే పద్ధతి తెలిసిందే. కాగే నీళ్ళు కాదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే చాలు, అందులో ఒక నిమిషం ముంచి, మెత్తబడినాక చేత్తో కొంచెం కొంచెం సరిచేసి చల్లనీళ్ళలో పెట్టాలి. కాగే నీళ్ళలో వేస్తే అప్పడం లాగా చుట్టుకుంటుంది.

కానీ ఆగండి. ఎట్లా సరిచెయ్యాలి? బండ మీద పెట్టి పైన బరువు పెట్టి చదును చేస్తే సరిపోతుందా? సరిపోదు. టైగర్ మాత్ రెక్క చదును కాదు. ఇది తెలియకపోతే మొత్తం పాడైపోతుంది కాబట్టి విమానం గురించి కొంచెం చెప్పుకోవాలి.

దీనికి ముందు జిప్సీ మాత్ అని ఉండేది. దాంట్లో ముందు సీటు సరిగ్గా పై రెక్క కింద, పెట్రోలు ట్యాంకు కింద ఉండేది. సైనిక శిక్షణకు పనికిరాదన్నారు. ముందు సీట్లో కూర్చునేది గురువు. ప్రమాదం వస్తే పారాషూట్ తగిలించుకుని దూకాలంటే తల ట్యాంకుకు తగులుతుంది. అందుకని పై రెక్క మధ్య భాగాన్ని ముందుకు జరిపినారు. రెక్క ముందుకు పోతే బరువు కుదరదు. కుదరడానికి రెక్కల కొనలను వెనక్కి వాల్చినారు. వెనక్కి వాలేసరికి కింది రెక్క కొన నేలకు దగ్గరైంది. దిగేటప్పుడు నేలకు రాసుకుంటుందని కింది రెక్క కొనలను ఇంకొంచెం పైకి ఎత్తినారు. ఒక సీటులోంచి మనిషి బయటకు రావాలన్న ఒక్క అవసరానికి విమానం ఆకారమే మారిపోయింది. 1931 అక్టోబర్ 26న మొదటిసారి ఎగిరింది. తర్వాత ఎనిమిది వేలకు పైగా తయారైనాయి.

ఇందులో మనకు కావలసింది రెండు మాటలు. పైనుంచి చూస్తే రెక్క బాణం మొనలా వెనక్కి వాలి ఉండాలి. ఎదురుగా చూస్తే రెండు రెక్కల కొనలూ పైకి లేచి ఉండాలి, కిందిది పైదానికంటే ఎక్కువ లేచి ఉండాలి. అంటే బాడీ దగ్గర రెండు రెక్కల మధ్య ఉన్న ఎడం కొనల దగ్గరికి పోయేసరికి తగ్గుతుంది. బండ మీద బరువు పెట్టి చదును చేసినారనుకోండి, పై రెక్క మధ్యలో దింపుడు వచ్చేస్తుంది. ఫోటోలో ఎక్కడ తేడా ఉందో చెప్పలేరు గానీ, ఇది టైగర్ మాత్ కాదే అనిపిస్తుంది.

కాబట్టి నేను ఏం చేసినానంటే, 72వ వంతు ప్లాను గీత ప్రింటు తీసుకున్నాను. ఎదురు చూపు. దాని మీద నుంచి పాత పెండ్లి శుభలేఖల అట్ట కత్తిరించినాను. శుభలేఖ అట్ట బాగా గట్టిగా ఉంటుంది, మన ఇండ్లలో దానికి కరువు లేదు. కింద అంచు కింది రెక్క మీద కూర్చుంటుంది, పై అంచు పై రెక్కను మోస్తుంది. ఇట్లాంటివి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కత్తిరించినాను, తేడా రాకుండా. వేడి నీళ్ళలోంచి తీసిన రెక్కను ఈ అట్టలకు ఆనించి చూస్తూ సరిచేసినాను. మూడుసార్లు ముంచవలసి వచ్చింది.

రంగులు. బైప్లేన్‌కు రంగు ముందే వెయ్యాలి, పై రెక్క ఎక్కినాక బ్రష్షు లోపలికి పోదు. ఆదోని అబ్బాయి అడిగినాడు, మన పక్క ఎగిరిన టైగర్ మాత్ ఏదైనా ఉందా అని. ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు బేగంపేటలో ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు ఉండేది, నంబరు ఒకటి. పైలట్ కావాలనుకున్న కుర్రవాళ్ళు అక్కడ టైగర్ మాత్‌ల మీద ఓనమాలు దిద్దినారు. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు. ఒక్కడే ఎగిరేటప్పుడు కూడా వెనక సీట్లోనే కూర్చోవాలి, లేకపోతే బరువు కుదరదు. ఇద్దరి మధ్యా మాటకు రేడియో కాదు, గొట్టం. డాక్టరు స్టెతస్కోపు లాంటి రబ్బరు గొట్టంలో గురువు తిట్లు శిష్యుడి చెవికి చేరేవి.

యుద్ధకాలం శిక్షణ విమానాలకు పైన ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు, అడుగున పసుపు. పసుపు ఎందుకంటే నేర్చుకునేవాడు వస్తున్నాడు, తప్పుకోండి అని. మన రోడ్ల మీద కార్లకు ఎల్ బోర్డు పెట్టినట్టు. ఇంకొకటి. వృత్తాల గుర్తుకు మధ్యలో ఎర్ర చుక్క ఉంటుంది కదా, బ్రిటిష్ విమానాలకు? భారత్, బర్మా పక్క యుద్ధం ముదిరినాక ఆ ఎరుపు తీసేసినారు. జపాన్ వాళ్ళ గుర్తు ఎర్ర సూర్యుడు. దూరం నుంచి చూసి మనవాళ్ళే మనవాళ్ళను కాల్చుకోకుండా. మీరు చేసేది ఏ ఏడాదిదో తేల్చుకుని ఎరుపు పెట్టాలా వద్దా చూసుకోండి. నేను ఎరుపు లేకుండా చేసినాను.

పసుపు రంగు గురించి ఒక జాగ్రత్త. పసుపు దేన్నీ సరిగ్గా కప్పదు. కింద తెలుపు వేసినాకే పసుపు వెయ్యాలి. కర్నూల్లో మోడల్ రంగులు అమ్మే షాపు లేదు, ఆన్‌లైనే గతి. కానీ స్టేషనరీ షాపులో దొరికే ఆర్టిస్టు అక్రిలిక్ రంగులు నీళ్ళతో పలచన చేసి నాలుగైదు పొరలు వేస్తే బాగానే వస్తాయి. ఇనుప గేట్లకు వేసే ఎనామిల్ మాత్రం వద్దు. మందం, మెరుపు. విమానం బొమ్మ లెక్క కాదు, పెండ్లి పందిరి లెక్క ఉంటుంది.

సంచిలో ఉన్న డెకాల్స్, అంటే నీళ్ళలో తడిపి అంటించే గుర్తుల కాగితం, పసుపుబారి, పగుళ్ళు పట్టినాయి. వీటికి ఒక పాత చిట్కా ఉంది. కాగితాన్ని కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించి ఎండ తగలనిస్తే పసుపు పోతుంది. ఇంగ్లాండులో వారాల తరబడి పెడతారంట. మా కిటికీలో మూడు రోజులకే తెల్లగా అయింది. ఎండ మనకు అన్ని విధాలా నష్టం చెయ్యదు. తర్వాత పగుళ్ళు విడిపోకుండా మొత్తం కాగితం మీద వార్నిష్ ఒక పొర వేసి, ఆరినాక ఒక్కొక్క గుర్తునూ విడిగా కత్తిరించి తడపాలి. వార్నిష్ లేకుండా నీళ్ళలో వేస్తే ముక్కలు ముక్కలై తేలుతుంది. వీటిలో ఎర్ర చుక్క ఉన్నవి నాకు పనికిరాలేదు, తోక మీద గీతలు మాత్రం వాడుకున్నాను. వృత్తాలు చేత్తో వేసినాను. మిగిలిన కాగితం జాగ్రత్తగా కవర్లో పెట్టి ఆదోనికి తిరిగి పంపుతున్నాను.

ఇప్పుడు ఫ్యాన్ సంగతి. పై రెక్క ఎక్కించే రోజు. మన ఎండలో జిగురు మనకంటే ముందే ఆరిపోతుంది. బ్రష్షుతో రాసే పలచటి జిగురు అతుకులోకి పాకాలి కదా, పాకక ముందే గాలికి ఎగిరిపోతుంది. ఫ్యాన్ తిరుగుతుంటే చెప్పే పనే లేదు. కాబట్టి పొద్దున ఆరు గంటలకు, ఫ్యాన్ ఆపి, నేల మీద నీళ్ళు చల్లి. నీళ్ళు దుమ్ము లేవకుండా. కిటికీ మాత్రం తెరిచి ఉండాలి, ఈ జిగురు వాసన మంచిది కాదు. పిల్లలతో చేసేవాళ్ళు ఇది మరవొద్దు.

ఫెవిక్విక్ వాడొచ్చా అని చానా మంది అడుగుతారు. మిగతా చోట్ల వాడుకోండి. పై రెక్కకు వద్దు. అది పట్టిందంటే పట్టిందే, సరిచేసుకునే వీలు ఇవ్వదు. ఇక్కడ పాత కాలం ట్యూబు జిగురే మేలు. పది నిమిషాలు మెత్తగా ఉంటుంది, మన ఊర్లో ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి చూసుకుంటూ జరుపుకోవచ్చు. ఇంకొకటి, అతికే చోట రంగు గీకెయ్యాలి. ఈ జిగురు ప్లాస్టిక్‌ను కరిగిస్తేనే పట్టుకుంటుంది, రంగు మీద రాస్తే రంగునే పట్టుకుని దాంతో పాటు ఊడి వస్తుంది.

స్ట్రట్‌లలో ఒకటి సంచిలో లేదు. అగరబత్తి పుల్ల చెక్కి పెడదామా అనుకున్నాను. నిజమైన విమానానివి చెక్క స్ట్రట్‌లే కదా. కానీ చెక్కను ఈ జిగురు పట్టదు. అందుకని ముక్కలు అంటిపెట్టుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ఉంటుంది చూడండి, అదే సంచిలోని ఫ్రేము ముక్క తీసుకుని ఆకురాయితో సాగదీసిన చింతగింజ ఆకారానికి అరగదీసినాను. ముందు గుండ్రం, వెనక సన్నం. ప్లాస్టిక్ కూడా అదే కాలంది, జిగురు బాగా పట్టింది. మిగతా స్ట్రట్‌లు మరీ లావు, అన్నింటినీ కాస్త అరగదీయాల్సి వచ్చింది. ఇవి ఆయన ముట్టుకోని ముక్కలు కాబట్టి నాకు స్వేచ్ఛ ఉంది.

ఎక్కించే పద్ధతి ఇది. పై రెక్కను బోర్లా పెట్టి ముందు స్ట్రట్‌లను దానికి పెట్టినాను. అవి సగం ఆరి, వంగుతాయి గానీ పడిపోవు అన్న స్థితిలో, శుభలేఖ అట్టలు కింది రెక్క మీద నిలబెట్టి, వాటి మీద పై రెక్కను దించినాను. మధ్యలో ఉన్న నాలుగు చిన్న కమ్మీలు తర్వాత. ముందు కొనలు, తర్వాత మధ్య. ఎందుకంటే కొనలు మన ఆధారం, అంటే ఆయన కింది రెక్క. మధ్యలో తేడా వస్తే అక్కడ సరిపెట్టుకోవచ్చు. వచ్చింది కూడా. కుడి చిన్న కమ్మీని అర మిల్లీమీటరు కోసినాను. రబ్బరు బ్యాండ్లు వెయ్యలేదు, బ్యాండు లాగితే వంకర పోతుంది. ఊరికే దాని బరువు మీదే వదిలి, ఒక రోజంతా ముట్టుకోలేదు.

ఈ ఐదు నిమిషాలే వీడియోలో మీరు చూసింది. మాట్లాడలేదు నేను అప్పుడు. క్షమించండి, మాటలు రాలేదు.

చక్రాల దగ్గర కూడా అదే లెక్క. విమానాన్ని బండ మీద నిలబెట్టి రెండు రెక్క కొనలూ నేల నుంచి ఒకే ఎత్తు వచ్చేదాకా ఒక కాలు కొంచెం అరగదీసినాను. కొలిచి చూపిస్తాను, ఇదిగో, ఎడమ... కుడి. సమానం.

ఇంక తీగలు. ఇది అందరికీ భయం, నాకేమో ఇష్టం. బైప్లేన్‌లో రెండు రకాల తీగలు ముఖ్యం. గాల్లో ఉన్నప్పుడు రెక్కలు పైకి లేస్తాయి, వాటిని కిందికి పట్టుకునేవి కొన్ని. నేల మీద ఉన్నప్పుడు రెక్కల బరువును మోసేవి కొన్ని. ఫోటో ముందర పెట్టుకుని ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో లెక్కపెట్టుకోండి, ఊహించి వెయ్యొద్దు. మందం తల వెంట్రుకంత ఉండాలి. చానా మంది ఇక్కడ లావు దారం కట్టి బట్టలు ఆరేసే దండెం చేస్తారు.

మన ఊర్లో మోటార్ వైండింగ్ షాపులు వీధికొకటి ఉన్నాయి. అక్కడ అడగండి. బోరు మోటారు తీగ కాదు, అది తాడు లెక్క ఉంటుంది. చిన్న రిలేలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు చుట్టే 42 గేజి రాగి తీగ. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు. కొంచెం ముక్క తీసుకుని రెండు గట్టి వస్తువుల మధ్య దొర్లిస్తే నిటారుగా అవుతుంది. డివైడర్‌తో దూరం కొలిచి, అంతే ముక్క కోసి, రెండు కొనలకూ చుక్క తెల్ల బంక పెట్టి అమర్చడమే. బిగించి కట్టాల్సిన పని లేదు. ఎమ్మిగనూరు మగ్గాల మీద పడుగు చూసినవాళ్ళకు తెలుసు, పోగులన్నీ ఒకే బిగువులో ఉంటేనే బట్ట. ఒక పోగు వదులైతే కన్ను నేరుగా దాని మీదికే పోతుంది. ఇక్కడా అంతే. ఒక తీగ వంగితే తీసెయ్యండి, ఇంకోటి పెట్టండి. సరిచెయ్యాలని చూడొద్దు.

ఒక ప్రశ్న వచ్చింది పోయినసారి. జె.ఆర్.డి. టాటా మన పక్క నుంచి ఎగిరింది టైగర్ మాత్‌లోనేనా అని. కాదండీ. 1932 అక్టోబరులో ఆయన కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చింది పుస్ మాత్‌లో. అది ఒంటి రెక్కది, పైకప్పు కూడా ఉంటుంది. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకుపోయినాడు. బళ్ళారి నుంచి మద్రాసుకు గీత గీస్తే సీమ మీదుగానే పోతుంది కాబట్టి, మీ అవ్వ తాతల్లో ఎవరో తలెత్తి చూసే ఉంటారు. రెండూ డి హావిలాండ్ కంపెనీవే, పేర్లన్నీ మాత్, మాత్ అని ఉంటాయి, అందుకే ఈ తికమక. నిజమైన టైగర్ మాత్ ఎగరడం చూడాలంటే మన వైమానిక దళం బాగు చేయించిన హెచ్‌యూ-512 ఉంది. 2012 వైమానిక దళ దినోత్సవంలో ఎగిరింది. ఆ వీడియోలో తీగలు చూడండి, స్ట్రట్‌లు చూడండి, మోడల్ చేసేముందు.

ఇదిగో, చివరి తీగ పెడుతున్నాను. ఎడమ పక్క, వెనక స్ట్రట్ పైనుంచి బాడీ కిందికి. ఇది వేలిముద్రకు దగ్గరగా పోతుంది కాబట్టి బంక చుక్క ఇంకా చిన్నది తీసుకున్నాను. సూది మొనతో... పెట్టినాను. ఆరేదాకా కదపను.

పంపేటప్పుడు ఎట్లా ప్యాక్ చేస్తారని అడిగేవాళ్ళకు: ప్యాక్ చెయ్యట్లేదు. ఆదోనికి బస్సులో నేనే ఒళ్ళో పెట్టుకుని పోతున్నాను, శనివారం. కొరియర్‌కు ఇచ్చే వస్తువు కాదిది. కారు అద్దాల్లో పెట్టి ఎండలో వదిలేది అసలే కాదు, రెక్క మళ్ళీ వంగుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో రెండు రెక్కల విమానం గురించి చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు నిజాం డబ్బుతో కొన్న డీహెచ్ 9ఏ విమానాలు, 110 నంబరు హైదరాబాద్ స్క్వాడ్రన్. వాటిలో ఒకటి, ఎఫ్1010, నిజాం కానుక అని రాసి ఉన్నది, ఇప్పటికీ ఆర్‌ఏఎఫ్ మ్యూజియం సేకరణలో ఉంది. దాని ప్లాను గీతలు, ఫోటోలు పెట్టుకుని కూర్చున్నాను. కిట్ ఏది దొరుకుతుందో చూసి చెప్తాను. మీ దగ్గర సగం చేసి వదిలేసినవి ఏమైనా ఉంటే ఫోటో పంపండి.